మోనాల్‌కు పెట్టిన ఐసు

1998 మే నెలలో నేను తుని వైపు ఫారెస్ట్ రేంజ్ ఆఫీసరుగా పనిచేస్తున్నాను. ఒక ఉదయం రైల్లో ఎవరో వదిలేసిన వెదురు బుట్టలో ఒక పక్షి దొరికింది. కోడిపుంజంత ఉంది, ఒంటి మీద నెమలి రంగులు. పంచనామా చేసి, అంటే సాక్షుల ముందు స్వాధీనపు కాగితం రాసి, ఆఫీసుకు తెచ్చాం.

పశువుల డాక్టరు సుభద్ర గారు అది మోనాల్ అన్నారు. హిమాలయాల్లో చెట్లు పలచబడే ఎత్తున ఉంటుందట, మంచు తవ్వుకుని దుంపలు తింటుందట. చలిప్రాంతపు జూకి పంపడానికి కోర్టు అనుమతి వచ్చేదాకా గాలి ఆడే చీకటి గదిలో, కిటికీలకు వట్టివేళ్ల తడికలు కట్టి, కింద పొడిగా ఉంచమన్నారు.

నేను కిరాణా కొట్లో పెరిగినవాణ్ణి. ఎవరేం చెప్పినా ఇంకాస్త లాగి చూడనిదే ఒప్పుకోను.

"ఇంకా చల్లగా ఉంటే ఇంకా మంచిదే కదండీ?"

"ఇది బేరం కాదండి రేంజరు గారూ. దానికి కావలసింది పొడి చలి. తడి చలి కాదు."

ఆవిడ వెళ్లగానే ఐసు దిమ్మలు తెప్పించి, చితక్కొట్టించి, రొయ్యలకు సర్దినట్టు బుట్ట చుట్టూ పోయించాను. బీట్ గార్డు సత్తిబాబు చేపలు పట్టే ఇంటివాడు. "ఐసు చచ్చినదానికండి. బతికున్నదానికి కాదు" అన్నాడు.

"నువ్వెప్పుడు చూశావోయ్ హిమాలయాలు?" అన్నాను. నేను చూసింది మాత్రం గోడ క్యాలెండర్లో.

సాయంత్రానికి ఐసు కరిగి, పక్షి పొట్ట కింది ఈకలు నానిపోయాయి. ఈకల మధ్య నిలిచే పొడి గాలే దాని దుప్పటి. చీకటి పడకముందే చచ్చిపోయింది.

పోస్టుమార్టం రిపోర్టులో డాక్టరు గారు "ఐసు నీటిలో తడిసి" అని రాయబోయారు. రైలు ప్రయాణం, మే ఎండ చూపించి గంటసేపు బేరమాడాను. చివరికి "ఎండలో ప్రయాణ బడలిక" దగ్గర తెగింది. సంతకం పెట్టి, నేను తెప్పించిన టీ ముట్టకుండా వెళ్లిపోయారు.

రెండేళ్ల తర్వాత ఇంకో రేంజిలో అలాంటి పక్షే దొరికింది. అక్కడి ఆఫీసరు నా రిపోర్టు తెప్పించుకున్నాడు. అందులో ఐసు మాట లేదు. ఫోన్ చేసి, "మీది ఎండ బడలికతో పోయింది కదా, చల్లగా ఉంచుదామని మేం వెంటనే ఐసులో పెట్టామండి. అయినా దక్కలేదు. ఎందుకో మీకేమైనా తెలుసా?" అన్నాడు.

"తెలీదండి" అన్నాను.

కొండ మీది చలి ఐసు దిమ్మల్లో దొరకదు. రిపోర్టులో దాచిన తప్పు తర్వాతివాడి చేతిలో మళ్లీ జరుగుతుంది. ఆ రెండో పక్షిని చంపిందీ నేనే.