రకు గుడిస్తే రి

నానబెట్టిన తుమ్మజిగురు వాసన ఇవాళ పుస్తకాలు కుట్టే దుకాణంలో ముక్కుకు తగిలింది. అంతే, వీధి హోరంతా ఎటో పోయి, పటమటలో సుభానీ మాస్టారి వరండాలో కూర్చుని ఉన్నాను. బడిలో డ్రాయింగు చెప్పి రిటైరైన మనిషి ఆయన, రంగుల్లో ఆ జిగురే కలిపేవారు. తొంభైల్లో నేను కాలేజీలో ఉండగా, పారశీకంలోకి మార్చిన మన ఇతిహాసపు రాతప్రతిలోని బొమ్మ ఒకటి ఫోటోలో చూసి, ఏడాది పాటు దాన్ని మళ్లీ గీశారు. బొమ్మ కింది పారశీక వాక్యాలు ఆయన తెలుగులో చెబితే రాసిపెట్టడం నా పని.

బొమ్మలో వనవాసంలోని రాకుమారుడు సముద్రం ఒడ్డున చేతులు జోడించి దారిమ్మని వేడుకుంటున్నాడు. నీళ్లు చేపపొలుసుల్లా ఉన్నాయి. మబ్బులు బంగారు రంగులో చుట్టలు తిరిగాయి. కొండలేమో గులాబీ రంగు. మధ్యాహ్నపు ఎండలో వాటినే చూస్తుంటే నిద్రో మెలకువో తెలిసేది కాదు. మన కొండల్లా లేవేమిటని అడిగాను.

"గీసినాయన మన సముద్రం చూసుండడమ్మాయ్. ఎవరో చదువుతుంటే విన్నాడు. విన్నదాన్నే మనసుపెట్టి గీశాడు," అన్నారు.

ఆయన సముద్రం అన్నచోట నేను గొప్పకు పోయి వారిధి అని రాయబోయాను. తొందరలో రకు గుడి పడక వారధి అయి కూర్చుంది. సముద్రం కాస్తా వంతెనైపోయింది. కృష్ణ మీది వారధి చూస్తూ పెరిగిన కళ్లు కదా, ఇద్దరికీ తప్పు ఆనలేదు.

ప్రదర్శన రోజు ఒక పెద్దాయన బొమ్మ కింద అంటించిన ఆ తెలుగు వాక్యాన్ని పైకి చదివి, వంతెనను దారిమ్మని అడిగాడా అని నవ్వారు. ఇది రాసిందెవరన్నారు. మాస్టారి బొమ్మ పదిమందిలో పెట్టడం అదే మొదలు. అందుకోసం ఆయన ఎంత తిరిగారో నాకు తెలుసు. అయినా నేను మాస్టారి వెనక్కి తప్పుకున్నాను.

"నేనేనండీ. గుడి పెట్టడం మర్చిపోయాను," అన్నారు మాస్టారు.

"మీకు గుడెలా గుర్తుంటుంది లెండి," అన్నారు ఆ పెద్దాయన.

హాలంతా నవ్వింది. మాస్టారూ నవ్వారు. ఆ నవ్వు చూడలేక తలదించుకున్నాను.

బయటికొచ్చి ఏడుస్తుంటే, "నువ్వింకా చాలా రాయాల్సుందమ్మాయ్," అన్నారు, అంతే. ఆ తర్వాత ఆయన పూలూ పిట్టలే గీశారు. ఇతిహాసం బొమ్మ మళ్లీ ముట్టుకోలేదు. అది నా వల్లేనని నాకు తెలుసు, ఆయన ఎన్నడూ అనకపోయినా.

ఇప్పుడు అనువాదాలే నా వృత్తి. తప్పు దొర్లితే ఎవరిదని అడిగేలోపే నాదేనంటాను. ఎంత నిజాయితీ అని మెచ్చుకుంటారు. ఆ హాల్లో చెప్పాల్సిన మాటనే ఇన్నేళ్లుగా చెబుతున్నానని వాళ్లకేం తెలుసు.