మావయ్యగారి పదహారేళ్ల చుట్టు

ఆ రోజుల్లో అంటే ఏ తాతల కాలమో అనుకునేరు, గట్టిగా ఏడేళ్ల కిందటి మాట. కానీ అప్పటి నన్ను తలుచుకుంటే ఎవరి పిల్లనో చూస్తున్నట్టుంటుంది. ఒళ్లు వైజాగు సీతమ్మధారలో, మనసు పాలపుంత నడిమధ్యలో ఉండేవి. యూనివర్సిటీలో రీసెర్చి చేసేదాన్ని. పాలపుంత మధ్యలో ఏముందో, దాని చుట్టూ తిరిగే నక్షత్రాల నడకను బట్టి లెక్కగట్టడం నా పని. (టెలిస్కోపుకి కన్ను ఆనించి చూస్తానని మా చుట్టాలంతా అనుకునేవారు. నేను చూసిందల్లా కంప్యూటరు తెరే. టెలిస్కోపులు ఎక్కడో సముద్రాల అవతల కొండల మీదుండేవి, వాటి కొలతలు మాకొచ్చేవి.) ఆ నడిమధ్య మామూలు కంటికి కనపడదు, అడ్డంగా అంతా దుమ్మే. సాయంత్రం బాల్కనీలో ఆరేసిన బట్టల మీద నల్లదుమ్ము దులుపుతూ, అక్కడా ఇంతే కదా, దీని వెనకాల ఎన్ని చుక్కలు గిరగిరా తిరుగుతున్నాయో అనుకుంటూ తువ్వాలు పట్టుకుని అలాగే నిలబడిపోయేదాన్ని. లోపల స్టవ్ మీద పాలు పొంగిపోయేవి. "పాలపుంత సంగతి తరవాత, ముందీ పాల సంగతి చూడవే తల్లీ" అనేది అమ్మ. ఆ మాట వారానికి రెండుసార్లయినా వినేదాన్ని.

మాది గోదావరి జిల్లా. నాన్న స్టీలు ప్లాంటులో ఉద్యోగానికని వచ్చి ఇక్కడే ఉండిపోయారు. నా జాతకంలో ఒక చిక్కుంది. నాది మూలా నక్షత్రం. మూల పిల్ల కోడలిగా వస్తే మామగారికి గండమని ఒక మాట ఉంది కదా, అప్పటికే రెండు సంబంధాలు ఆ మాటతోనే వెనక్కిపోయాయి. అవి పోయినందుకు నాకేం దిగులు లేదు. నాతో పీజీ చదివిన అబ్బాయి వాళ్లింట్లోంచి కబురొచ్చినప్పుడు మాత్రం మొదటిసారి భయమేసింది. ఎందుకంటే అతన్ని తప్ప ఇంకొకర్ని చేసుకోనని నాలో నేను ఎప్పుడో ఖాయం చేసేసుకున్నాను. వాళ్ల నాన్నగారు పోర్టులో సరంగు. అంటే పెద్ద పెద్ద ఓడల్ని తాడు కట్టి రేవులోకి లాక్కొచ్చే చిన్న పడవ, టగ్గు, దాన్ని నడిపే మనిషి. అమ్మ బయోడేటాలో మూల తీయించేసి, పక్కనే ఉంది కదా అని పూర్వాషాఢ వేయించింది. "నక్షత్రం ఊసెత్తితే నోరు విప్పకు. ఈ ఒక్క పూటా నేల మీదుండు" అని నాచేత ఒట్టేయించుకుంది.

ఆదివారం మధ్యాహ్నం వచ్చారు. కాజాలు, జంతికలు అయ్యాయి. అత్తయ్య (అప్పటికింకా కాలేదనుకోండి) "అమ్మాయి ఏటి సేత్తన్నాది?" అని అడిగింది. నాన్న ఛాతీ విరుచుకుని "గెలాక్సీ సెంటర్ మీద రీసెర్చండీ" అన్నారు. ఆవిడ మొహం వెలిగిపోయింది. "మధురవాడలోదేనా? మా తమ్ముడి కొడుకు ఆ పక్క బిల్డింగులోనే సేత్తన్నాడు. కేబ్‌లో తీసుకెళ్లి కేబ్‌లో దింపుతారంట" అంది. (మా గోదావరి వాళ్లకి నాలుగు రోడ్లు కలిస్తే సెంటరు, వైజాగులో అదే జంక్షను. సెంటరంటే ఆవిడకి మధురవాడ సాఫ్ట్‌వేరు ఆఫీసే తట్టడంలో తప్పేముంది.) అప్పుడు నేను బుద్ధిగా తలూపేసి ఉంటే ఈ కథే లేదు. తలూపలేకపోయాను. "కాదండీ, ఆకాశంలో" అన్నాను.

"ఆకాశంలో ఎక్కడ?" అన్నారు మావయ్య. వచ్చిందగ్గర్నుంచీ ఆయన నోరు తెరవడం అదే మొదలు. ఆయన ఊరికే అడగలేదు, నిజంగా తెలుసుకోవాలని అడిగారు. నా కొంప ముంచింది అదే. నా పని గురించి ఎవరైనా మనసుపెట్టి అడిగితే నాకు ఒళ్లు తెలిసేది కాదు. "తేలు తోకలా చుక్కలుంటాయి చూడండీ, ఆ కొండికి కాస్త అవతల. మూలా నక్షత్రం పక్కనే. నా నక్షత్రం కూడా అదేనండీ" అన్నాను సంబరంగా.

అమ్మ చేతిలో కాజాల పళ్లెం ఆగిపోయింది. నాన్న తలెత్తి ఫ్యాను చూస్తున్నారు. "పూర్వాషాఢన్నారు కదేటి?" అంది అత్తయ్య నెమ్మదిగా.

ఒట్టు గుర్తొచ్చింది కానీ ఏం లాభం. చేసిన తప్పు సైన్సుతో దిద్దేద్దామనుకున్నాను. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే. "నక్షత్రాలకి మన మామగార్లతో ఏం పనండీ, అవన్నీ వట్టి మాటలు. అక్కడ నిజంగా ఉన్నది బ్లాక్ హోలు. నలభై లక్షల సూర్యుళ్లంత బరువు. మరీ దగ్గరికెళ్లిందేదైనా లోపలికి పోవడమే, వెలుతురు కూడా తిరిగి రాదు" అని చేతులు తిప్పుతూ చెప్పుకుపోయాను. అత్తయ్య పమిట భుజం చుట్టూ కప్పుకుంది. "అయితే మూలలో మింగీసేది నిజంగానే ఉన్నాదన్నమాట. సైన్సులోనే ఉన్నాదంట, ఇన్నారా" అంది మావయ్యతో. ("జ్యోతిష్కులకి ఇన్నాళ్లూ దొరకని రుజువు నువ్వు ఇంటికి పిలిచి చేతిలో పెట్టావు కదే" అని నాన్న ఇప్పటికీ అంటారు.) పెళ్లికొడుకు వైపు చూశాను. నోట్లో జంతిక నమలడం మరిచిపోయి కూర్చున్నాడు. ఇంక అయిపోయింది, అతను నాకు దక్కడు అనుకున్నాను.

మావయ్య మాత్రం ముందుకి వంగారు. "దాని సుట్టు తిరిగే సుక్కల్ని కూడా మింగీసిందేటమ్మా?"

"లేదండీ. ఒకటుంది, పదహారేళ్లకోసారి దాని పక్కనుంచే వెళ్తుంది. కిందటేడే వెళ్లింది. క్షేమంగా బయటికొచ్చేసింది" అన్నాను.

"ఎలగ?"

"జోరు మీదుంటుందండీ. దగ్గరికొచ్చేకొద్దీ ఇంకా జోరు."

మావయ్య తొడ మీద చెయ్యేసుకుని నవ్వారు. "అదే మరి. ముప్పై ఏళ్లు ఓడల పక్కన టగ్గు నడిపాను నాను. తడబడి ఆగితే ఓడ కిందకి లాగీస్తాది. జోరు మీదుంటే ఏటీ అవ్వదు." అని అత్తయ్య వైపు తిరిగారు. "మూలయితే మామకి గండం, ఇశాఖయితే మరిదికి గండం అంటారు. మరి ఊరి పేరే ఇశాఖ. మరుదులంతా పోయారేటి? నీ మరిది దుక్కలాగ ఉన్నాడు, రోజూ నీ సేతి సేపల పులుసే తింటన్నాడు." అత్తయ్య నవ్వు ఆపుకోవాలని చూసింది, ఆగలేదు. "కాయితం మీద అబద్ధం రాసినా గుంట నిజం సెప్పీసింది. నాకీ కోడలే కావాల. ఆ సుక్క మళ్లీ ఎప్పుడొత్తాది?"

"ఇంకో పదిహేనేళ్లకండీ."

"అయితే అందాకా నానుంటాను. ఇదిగో, మాటిత్తన్నాను" అన్నారు, పళ్లెంలోంచి ఇంకో కాజా తీసుకుంటూ.

మావయ్య ఇప్పుడు రిటైరయ్యారు. రెండేళ్ల కిందట గుండెకి స్టెంటు వేశారు. ఆసుపత్రిలో ఉన్న నాలుగు రోజులూ అత్తయ్య నన్నొక్క మాట అనలేదు. అననందుకే నేను లోపల కుమిలిపోయాను. ఆయన ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ "ఓ సుట్టు తిరిగొచ్చాను" అన్నారు నాతో. అప్పట్నుంచి పొద్దున్నే నడకకి బద్ధకిస్తే "జోరు తగ్గించకండి మావయ్యా" అంటాను, గొణుక్కుంటూ లేస్తారు. నక్షత్రాలు మన ఆయుష్షు చెప్పవని ఆ రోజు అందరి ముందూ చేతులు తిప్పిన పిల్లే, ఇవాళ ఒక నక్షత్రం వచ్చేదాకా ఆయనకేమీ కాదని గట్టిగా నమ్ముకుని బతుకుతోంది. ఈ సంగతి మా డిపార్టుమెంటులో తెలిస్తే నా పరువేం కాను.

మొన్న వంటింట్లో అత్తయ్య కూర కలుపుతూ, అటు తిరిగే "ఇంకా ఎన్నేళ్లే?" అనడిగింది.

దేనికని నేనడగలేదు. "ఎనిమిది, అత్తయ్యా."

కూర ఉప్పు చూసి గరిటె పక్కన పెట్టింది. "ఆ తరవాతేటి?"

"మళ్లీ వెళ్లి, మళ్లీ వస్తుంది."

"అయితే పర్లేదు" అంది అత్తయ్య. స్టవ్ మీద పాలు పొంగిపోయాయి. ఇద్దరం అక్కడే ఉన్నాం, ఇద్దరం చూడలేదు.