తిరుపతిరావు రుచి చూడని బెల్లం

జగ్గయ్యపేటలో టోకున బెల్లం అమ్మే తిరుపతిరావుకు షుగరు వచ్చిందని తేలాక, ఆయన అలవాట్లన్నీ ఒక్కొక్కటిగా దారికొచ్చాయి. పొద్దున్నే సూదితో వేలు పొడుచుకుని మిషన్లో అంకె చూసుకుంటాడు. చక్కెర లేని కాఫీ మొహం చిట్లించకుండానే తాగేస్తాడు. మధ్యాహ్నం జొన్నరొట్టె తిన్నాక, మునుపటిలా గల్లాపెట్టె దగ్గర కునుకు తీయకుండా బెల్లం దిమ్మల మధ్య అటూ ఇటూ నడుస్తాడు. చేతికి మాత్రం ఇంకా నచ్చజెప్పుకోవాల్సి వస్తోంది. దిమ్మ అంచు విరిచి నాలుక మీద వేసుకోకుండా ఆయన ఏనాడూ బేరం కుదుర్చుకోలేదు మరి.

నిన్న నందిగామ వ్యాపారి వెంకట్ కొత్త సరుకు మచ్చు తెచ్చాడు. బంగారు రంగు, మంచి గట్టిదనం. తిరుపతిరావు విరిచిన ముక్క పెదాల దాకా వెళ్లి ఆగిపోయింది. కాసేపు వాసన చూసి, మాత్ర ఇవ్వడానికొచ్చిన భార్య ఆండాళమ్మ చేతిలో పెట్టాడు.

"కాస్త నోట్లో వేసుకుని చెప్పవే."

ఆమె నిదానంగా చప్పరించింది. "ఉప్పు తగుల్తోంది. అరిసెలకి పనికిరాదు."

"రంగు చూడండి తిరుపతిరావుగారూ" అన్నాడు వెంకట్.

తిరుపతిరావు రంగు చూడలేదు, భార్యను చూశాడు. "నీకివన్నీ ఎట్లా తెలుసు?"

"ఇన్నేళ్లూ మీరు రుచి చూసి మెచ్చుకున్న బెల్లంతో పాకం పట్టలేక అవస్థపడింది నేనేగా" అందామె, మాత్ర చేతికిస్తూ.

ఆయన మాత్ర మింగి, మూలనున్న రెండో కుర్చీ తెచ్చి దుమ్ము దులిపాడు. తన కుర్చీని కాస్త పక్కకు జరుపుకున్నాడు.