నేటివ్‌కు తీసుకుపోతారా

యూనివర్సిటీలో పిల్లలకు ఇంగ్లీషు చెప్పి బతుకుతున్నాను. పర్మినెంటు కాదు, పార్ట్‌టైమ్. ఇంటర్వ్యూల కాలం రాగానే తమను తాము ఎలా పరిచయం చేసుకోవాలో నేర్పిస్తాను. ఒక్కొక్కరూ లేచి పేరు చెప్పి, ఆ వెంటనే తమ నేటివ్ ఏదో చెబుతారు. తెల్లదొరలు మనల్ని చిన్నచూపు చూస్తూ వాడిన మాట అది, మనమేమో దాన్ని సొంతూరు చేసుకున్నామని నేను చెబుతుంటే వాళ్లు ఫోన్లు చూసుకుంటారు. ఆ మాట మూలంలోకి పోతే పుట్టుక అనే అర్థం ఉందని బోర్డు మీద రాస్తాను. రాసి చెరిపేస్తాను. అది పరీక్షలో రాదు.

మా బాపుకు ఈ మాట తెలియదు. ఊళ్లో ఉన్నన్నాళ్లూ దాని అవసరం పడలేదు. నీది ఏ ఊరని అడిగేవాడే లేనిచోట జీవితమంతా వ్యవసాయం చేశాడు. ఆ ఊరు రిజర్వాయర్‌లో మునిగింది. ఇల్లు, బోర్లు, అమ్మను పూడ్చిన చెలక, అన్నీ నీళ్ల కిందికి పోయాయి. పునరావాస కాలనీలో బాపుకు ఇల్లు రాలేదు. పెళ్లాం పోయి ఒంటరిగా ఉన్న మనిషి కుటుంబం కిందికి రాడని తేల్చారు. ఎవరు తేల్చారో, ఏ లెక్కన తేల్చారో ఇప్పటికీ నాకు అంతుపట్టదు. చేసేదిలేక తార్నాకలో మేం అద్దెకుంటున్న రెండు గదుల పోర్షన్‌కు తెచ్చుకున్నాను.

పొద్దున్నే క్యాంపస్‌లో నడవడం అలవాటు చేశాను. అక్కడ రిటైరైన పెద్దమనుషులు ఓ పదిమంది కూడతారు. అందులో ఒకాయనది రాయలసీమ, చాలా మర్యాదస్తుడు. మొదటిరోజే మీ నేటివ్ ఎక్కడండీ అని బాపును అడిగాడట. బాపు ఇంటికొచ్చి ఆ మాటకు అర్థమేందని నన్ను అడిగాడు. పుట్టిన చోటు అని చెప్పాను. మర్నాడు వాళ్లకు మాది మునిగిపోయిందని చెప్పాడట. అయ్యో అన్నారట. ఆ తర్వాత కూడా కొత్తగా ఎవరొచ్చినా మళ్లీ అదే అడిగేవారు, బాపు మళ్లీ అదే చెప్పేవాడు. కొన్నాళ్లకు నడకకు పోవడం మానేశాడు.

మానేసింది విసుగుతో అనుకున్నాను. ఊపిరితిత్తులు పాడయ్యాయని తర్వాత తెలిసింది. పెద్ద దవాఖానలో కొన్నాళ్లు పెట్టుకుని, ఇక చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకెళ్లి చూసుకోండి అన్నారు. ఆ మాటకు బాపు మాత్రం సంతోషించాడు. దవాఖానలో చావడమంటే ఆయనకు భయం. మీ నడుమ పోతే చాలని మా ఆవిడ చెయ్యి పట్టుకుని చెప్పాడు. ఆయన మమ్మల్ని అడిగినది అదొక్కటే. అదీ చేయలేకపోతానా అనుకున్నాను.

ఇంటి ఓనర్ పై అంతస్తులో ఉంటాడు. చెడ్డవాడైతే నాకు తేలికగా ఉండేది. బాపు కోసం జావ పంపేవాళ్లు, మా పాప జ్వరం పడితే అర్ధరాత్రి కారు తీశారు. ఓ రోజు ఆయన కిందికొచ్చి, బాపును పలకరించి, నన్ను గేటు దాకా రమ్మన్నాడు. చాలాసేపు కరెంటు గురించీ మంచినీళ్ల గురించీ మాట్లాడాడు.

"ఏమనుకోకుండ్రి సార్. పెద్దాయనకు ఏమన్న అయితే సీదా నేటివ్‌కు తీస్కపోతరు గదా? మా ఇంట్ల బిడ్డ పెండ్లి ఉన్నది. శవం వాకిట్ల పెడితే మల్ల ఎవ్వలు కిరాయికి రారు."

నాకు ఒళ్లు మండిపోయింది. పుట్టుక గురించిన మాటను చావు మోసుకుపోవడానికి వాడతావా అని అరవాలనిపించింది. కానీ పాప బడి పక్కనే ఉంది, నా జీతం మూడు నెలలకోసారి వస్తుంది. చూస్తాను లెండి అన్నాను. ఆ వారమంతా ఇంకో ఇల్లు వెతుకుతూ లాలాపేట్, సీతాఫల్‌మండి, తిరగని గల్లీ లేదు. ముసలాయన మంచంలో ఉన్నాడని చెప్పగానే, ఓ చూపు చూసి, మీ నేటివ్ ఎక్కడ అని అడిగేవాళ్లు. ఎందుకు అడుగుతున్నారో ఇద్దరికీ తెలుసు.

ఆ రోజు గేటు దగ్గరి మాటలు బాపు విన్నాడని నాకు తెలియదు. ఒక పొద్దున పిలిచి, మంచం పట్టె పట్టుకుని లేచి కూర్చున్నాడు.

"దవాఖాన్లనే పడెయ్యి బిడ్డా. గాడ పోతే ఎవ్వలకు తక్లీఫ్ ఉండది."

ఊకె పండుకొమ్మని కసిరాను. మర్నాడు మళ్లీ అడిగాడు. మూడోసారి అడిగినప్పుడు బట్టలు సర్దాను.

చేసేదేమీ లేదన్నాం కదా, మళ్లీ ఎందుకు తెచ్చారని డ్యూటీ డాక్టర్ నన్ను కేకలేసింది. ఊపిరి అందట్లేదన్నాను. అది అబద్ధం కాదు. వార్డులో పేషెంటు దగ్గర ఒక్కరినే ఉండనిస్తారు. బాపు పోయేటప్పుడు నేనొక్కణ్ణే ఉన్నాను. మా ఆవిడా పాపా బయట, లోపలికి వదిలే టైము కోసం నిలబడి ఉన్నారు. పాప ఏదని రెండుసార్లు అడిగాడు. వస్తోంది అన్నాను.

ఊరివాళ్లకు ఫోన్లు చేశాను. ఇప్పుడు తలా ఓ చోట ఉన్నారు. అందరూ అడిగింది ఒకటే, ఏడికి రావాలె అని. అంబర్‌పేట్ శ్మశానం అని చెప్పాను. మాలో పూడ్చిపెడతారు. అక్కడ జాగా లేదన్నారు, కాల్చేశాం. అంతకుముందు శవానికి స్నానం కూడా అక్కడి నల్లా కిందే చేయించాం. వచ్చిన నలుగురూ అట్నుంచి అటే వెళ్లిపోయారు.

మేం ఇంటికొచ్చేసరికి గేటు పక్కన నిండా నీళ్లతో బకెట్, మగ్గు పెట్టి ఉన్నాయి. ఓనర్ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయన కళ్లలో నిజంగానే నీళ్లున్నాయి. మంచి మనిషి, ఎవ్వరినీ ఇబ్బంది పెట్టకుండా పోయాడన్నాడు. మెట్ల దాకా వెళ్లి ఆగాడు.

"దినాలు నేటివ్‌లనే చేస్తరు గదా సార్?"

"ఆఁ. నేటివ్‌లనే," అన్నాను. మగ్గుడు నీళ్లు ముందు పాప నెత్తిన పోశాను.