గ్యాస్‌కు ఆదివారం సెలవు

మా మేస్త్రి పోయారన్న కబురు బందు రోజున తెలిసింది. ప్రత్యేక రాష్ట్రం కోసం మెదక్‌లో దుకాణాలన్నీ మూసేసిన రోజు అది. బస్సులు డిపో దాటలేదు, ఆటోలు లేవు. మా ఆయన నడిచి వెళ్ళి పాలతో పాటు ఆ వార్త కూడా తెచ్చారు. మేస్త్రి పొద్దున చాయ్ తాగి, షెడ్డు ముందర కుర్చీలో కూర్చుని, అట్లాగే పక్కకు ఒరిగిపోయారట. ఊళ్ళో ఒక్క బండీ తిరగని రోజే చూసుకుని బండ్ల మేస్త్రి పోయాడే అన్నారు మా ఆయన.  నేను స్టవ్ ఆపేశాను.

ఆయన మాకు చుట్టం కాదు. మా వీధి చివర ఇల్లు, బస్టాండు వెనక రేకుల షెడ్డు, అందులో కార్లు బాగుచేయడం. ఊరంతా మేస్త్రి అనే పిలిచేది, నేనూ అంతే. పొట్టి మనిషి. చేతిలో ఎప్పుడూ పొడుగాటి స్క్రూడ్రైవరు ఒకటి ఉండేది. దాని మొన ఇంజనుకు ఆనించి, పిడి చెవికి ఆనించి, కళ్ళు మూసుకుని వినేవారు. ఈలోపు కారు ఓనరు తన బాధలు చెప్పబోతే, కళ్ళు తెరవకుండానే, "మీరు జర ఊకోండ్రి సారూ, బండే చెప్తది" అనేవారు. పెద్ద పెద్ద ఆఫీసర్లు కూడా నోరు మూసుకుని నిలబడేవారు. నాకది ముచ్చటగా ఉండేది.

కొత్త కంపెనీల కార్లు అప్పుడప్పుడే వస్తున్న రోజుల్లో పాతవాటిని వదిలించుకునేవాళ్ళు ఎక్కువయ్యారు. మా ఆయన అట్లాంటిది ఒకటి కొన్నారు. గుండ్రటి వీపు, వెనక ఇంజను ఉన్న విదేశీ బండి. దానికి నీళ్ళు పోసే పని లేదు, ఇంజను గాలితోనే చల్లబడుతుంది. వీధి పిల్లలు దానికి తాబేలు అని పేరు పెట్టారు. కొనడానికి కారణం నేనే. ఇద్దరికీ రేగోడ్‌లోనే ఉద్యోగం, నాకు ఏడో నెల, బస్సు కుదుపులు వద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది.

మెదక్‌లో కారుకు హీటరేమిటని నవ్వకండి. డిసెంబరు పొద్దున రేగోడ్ దారి పట్టినవాళ్ళెవరూ నవ్వరు. ఆ బండిలో రెండు సీట్ల మధ్య హీటరు లివరు ఉండేది, కానీ బిగుసుకుపోయి కదిలేది కాదు. మేస్త్రి అరగంటలో దాన్ని కదిలించి, వేడిగాలి ఎక్కణ్ణుంచి వస్తుందో మా ఆయనకు చెప్పారు.

"పొగగొట్టం ఎట్లైనా వేడెక్కుతది గద సారూ. దాని చుట్టూత రేకు డబ్బా ఉంటది. గా డబ్బాల గాలి వేడెక్కి లోపటికొస్తది."

"పొగ గూడ రాదా మరి?" అని అడిగారు మా ఆయన.

"వస్తే వాసనొస్తది గద."

నేను పక్కనే ఉన్నాను, విన్నాను. బడిలో నేను చెప్పేది భౌతిక రసాయన శాస్త్రం. ఇది గుర్తుపెట్టుకోండి.

ఆ తర్వాత రెండు వారాలు రోజూ అద్దాలు బిగించుకుని, పాదాలకు వెచ్చగా గాలి తగులుతుంటే హాయిగా వెళ్ళాం. రేగోడ్‌లో దిగేసరికి నాకు తల పగిలిపోయేది, వాంతి వచ్చినట్టుండేది, నల్లబల్ల రెండుగా కనపడేది. మధ్యాహ్నానికి తగ్గేది. మా ఆయనకూ తలనొప్పే. కానీ నా కోసం సిగరెట్లు మానేశారు కాబట్టి అందువల్లేనని గొప్పగా చెప్పుకునేవారు. మా అత్తమ్మ మాత్రం నాది గ్యాస్ అని తేల్చేసింది. మన దగ్గర తల నొచ్చినా గ్యాసే, గుండె పట్టేసినా గ్యాసే కదా. శనగపప్పు, ఆలుగడ్డ బందు పెట్టి పొద్దున్నే వాము నీళ్ళు తాగించింది. ఎంత తాగినా తగ్గలేదు. అదే వారం తొమ్మిదో తరగతికి నేను, కణతలు నొక్కుకుంటూ, కార్బన్ మోనాక్సైడ్ పాఠం చెప్పాను. రంగు లేదు, వాసన లేదు, విషవాయువు. పిల్లల చేత మూడుసార్లు అనిపించాను.

ఆదివారం పొద్దున మేస్త్రి మా ఇంటికి జాకీ తిరిగి ఇవ్వడానికి వచ్చారు. నేను అరుగు మీద కూర్చుని ఎల్లిగడ్డలు ఒలుస్తున్నాను. అత్తమ్మ ఆయన ముందు నా గోడు వెళ్ళబోసుకుంది.

"పిల్లకు మస్తు గ్యాస్ అయితుంది మేస్త్రీ. రోజు పొద్దుగాల బడికి పొయ్యేసరికి తలకాయ నొస్తదట. గోలీలు ఏసినా తగ్గుతలేదు."

"ఇయ్యాల మంచిగనే ఉన్నది గద టీచరమ్మ?"

"ఆదివారం ఉండది" అన్నాను.

"గ్యాస్‌కు ఆదివారం సెలవున్నదా?" అని నవ్వారు. నేనూ నవ్వాను. ఆయన నవ్వు మాత్రం సగంలో ఆగిపోయింది. జాకీ అక్కడే పెట్టి, గోనెసంచి పరుచుకుని కారు కిందికి దూరారు. కాసేపటికి బయటికి వచ్చి చెయ్యి చాపి చూపించారు. అరచేతి నిండా తుప్పు పెళ్ళలు. స్క్రూడ్రైవరుతో పొడిస్తే డబ్బా లోపలి పొగగొట్టంలోకి మొన దిగిపోయిందట.

"పొగ మొత్తం మీ తానికే వస్తుంది. వాసన రాలేదా టీచరమ్మా?"

"రాలేదు."

"పొగైతే వాసన రావాలె గద."

"అందుల ఒక గ్యాస్ ఉంటది మేస్త్రీ" అన్నాను. "దానికి వాసన ఉండది. మనిషిని చంపుతది."

ఆయన అరుగు అంచున కూర్చుండిపోయారు. నా కడుపు వైపు ఒకసారి చూసి వెంటనే తల దించుకున్నారు. నాకు భయం వేసింది. కానీ నిజం చెప్పాలంటే ముందు వేసింది సిగ్గు.

"లివరు సదిరిచ్చింది నేను" అన్నారాయన.

"వాసన ఉండదని తెలిసి ఊకున్నది నేను."

"నాకు గొట్టం తెల్సు, నీకు గ్యాస్ తెల్సు. ఇద్దరం సగం సగం సదువుకున్నం టీచరమ్మా."

ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. పాఠం చెప్పిన ప్రతిసారీ వినపడుతుంది.

డాక్టరమ్మ పరీక్ష చేసి, గుండె కొట్టుకుంటోందని, మిగతాది పుట్టాకే చెప్పగలనని అన్నది. కడుపులో బిడ్డ ఆ రెండు వారాలు నాతో పాటే ఆ గాలి పీల్చింది. దాని తెలివి ఎట్లా ఉంటుందో, అసలు ఏడుస్తుందో లేదో తెలియకుండా రెండు నెలలు గడపాలి. మేస్త్రి వేడిగాలి తెచ్చే గొట్టాలు పీకేసి, గాలి వచ్చే దారులు మూసేసి, లివరును రాగి తీగతో కట్టేశారు. వెనక సీట్లో ఒక గొంగడి పెట్టి, "సలిపెడితే కప్పుకోండ్రి, అద్దం నాలుగు వేళ్ళ సందు ఉంచుండ్రి" అన్నారు. ఇక రోజూ షెడ్డుకు పోతూ మా గేటు దగ్గర ఆగి అత్తమ్మను ఒకటే మాట అడిగేవారు. "కదులుతుందా?" కదులుతుందని అత్తమ్మ చెప్పాకే ముందుకు నడిచేవారు.

కాన్పు రోజు మేస్త్రి దవాఖాన బయట వేపచెట్టు కింద నిలబడ్డారట. అత్తమ్మ బయటికి వస్తే, ఆడపిల్లా మగపిల్లాడా అని అడగలేదు. "ఏడ్సిందా?" అన్నారట. ఏడ్చిందని చెప్పగానే చేతులు ప్యాంటుకు తుడుచుకుని వెళ్ళిపోయారు. అంతటితో ఆయన బెంగ తీరలేదు. నా బిడ్డ ఎక్కాలు నేర్చినప్పటి నుంచి, ఎదురైతే చాలు, ఏడెనిమిదులెంత అని అడిగేవారు. అది యాభై ఆరు అంటే మొహం వికసించేది. ఏడో తరగతి దాకా అదే ప్రశ్న. పిల్ల విసుక్కునేది, నేను మాత్రం పక్కకు తిరిగి కళ్ళు తుడుచుకునేదాన్ని.

షెడ్డులో కూడా ఆయన పద్ధతి మారింది. ఏ కారు వచ్చినా ముందు స్క్రూడ్రైవరు తీయడం మానేశారు. "బండి సంగతి తర్వాత. తలకాయ నొస్తుందా?" అని మనిషిని అడిగేవారు. కొత్తవాళ్ళకు అది వింతగా ఉండేది. అద్దం నాలుగు వేళ్ళ సందు ఉంచాలన్న సంగతి మాత్రం చెప్పకుండా ఎవరినీ పంపేవారు కాదు. కొత్త కార్లకు అట్లాంటి హీటరు ఉండదని మా ఆయన చెప్పినా వినలేదు. "ఉండకపోతే మంచిదే సారూ, సందుంటే ఏం పోయింది?" అనేవారు. పోలేదు నిజమే.

పెద్దకర్మ రోజుకు బందులు సద్దుమణిగాయి. ఇంటర్ చదువుతున్న నా కూతుర్ని వెంటబెట్టుకుని పొద్దున్నే వెళ్ళాను. మంచు ఇంకా విడవలేదు, స్వెటర్లోంచి కూడా చలి తెలుస్తోంది. పాపన్నపేట నుంచి, రేగోడ్ నుంచి వచ్చిన కార్లు ఆయన ఇంటి దాకా వరుసగా ఆగి ఉన్నాయి. అన్నీ తాళాలు వేసినవే. అన్నిటికీ డ్రైవరు పక్క అద్దం కాస్త కిందికి దించి ఉంది. నేను అక్కడే ఆగిపోయాను. నా కూతురు చేతికున్న ఊలు తొడుగు తీసేసి, ఒక కారు అద్దం పైనున్న సందులో వేళ్ళు పెట్టి చూసింది. నాలుగూ పట్టాయి.