చిన్న డీజిల్‌కు వేడి పరీక్ష

1979 జూన్‌లో నన్ను సికింద్రాబాద్‌లోని ఒక విద్యార్థి వైమానిక శిక్షణ యూనిట్‌కు ఏరోమోడలింగ్ ఇన్‌స్ట్రక్టర్‌గా వేశారు. హోదాకు సివిలియన్‌ని, కాని యూనిఫాం వేసుకున్నవాళ్ళ కమిటీల్లో కూర్చోవలసిన ఉద్యోగం. బాల్సా చెక్కతో విమానాలు కట్టడం, వాటికి చిన్న ఇంజన్లు బిగించడం కాలేజీ విద్యార్థులకు నేర్పాలి. బొమ్మలాటకు సర్కారు జీతమా అని మా బంధువులు నవ్వేవారు. గుప్పిట్లో పట్టే ఇంజన్ ముందు వాళ్ళను నిలబెట్టి ఒక్కసారి స్టార్ట్ చేస్తే, నవ్వు మాని చెవులు మూసుకునేవారు.

ఈ ఇంజన్ల వంశవృక్షం పెద్దది కాదు. మొదట వచ్చినవి స్పార్క్ ఇంజన్లు. మోటారుసైకిల్‌కు ఉన్నట్టే వీటికీ కాయిల్, బ్యాటరీ ఉండాలి. ఇంజన్ కంటే ఈ సరంజామా బరువే విమానాన్ని కుంగదీసేది. తర్వాత ఐరోపాలో డీజిల్ పుట్టింది. పేరుకే డీజిల్, బంకులో పోసే నూనెతో దీనికి సంబంధం లేదు. ఈథర్, కిరోసిన్, ఆముదం కలిపి పోస్తే, పిస్టన్ నొక్కిన వేడికి అదే అంటుకుంటుంది. ఎంత నొక్కాలో తేల్చడానికి తలమీద ఒక మర ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికా నుంచి గ్లో ఇంజన్ వచ్చింది. అందులో ప్లాటినం తీగ చుట్టిన ప్లగ్ ఉంటుంది. స్టార్ట్ చేసేటప్పుడు బ్యాటరీ తగిలిస్తే చాలు. తీసేశాక కూడా ఇంధనంగా పోసే మిథనాల్ మంటకు ఆ తీగ ఎర్రగా ఉంటుంది. తేలిక, వేగం, సులువు అన్నీ దానివే. నేను చేరేనాటికే మా స్టోరులో గ్లో ఇంజన్ల రాజ్యం నడుస్తోంది. డీజిల్ మాత్రం ఒక్కటే మిగిలింది. కలకత్తాలో తయారైన రెండున్నర సి.సి. ఇంజన్.

అది దేవసహాయం గారి ఇంజన్. కాగితం మీద సర్కారుదే. ఆయన కొత్తగా చేరినప్పుడు మొదట చేతికిచ్చింది అదే కనుక అందరం అలా అనేవాళ్ళం. ఆయన మా ఫ్లయింగ్ ఇన్‌స్ట్రక్టర్; నేను కట్టించిన విమానాలను ఎగరేయడం నేర్పేది ఆయనే. గుంటూరు వైపు మనిషి, వైమానిక దళంలో మెకానిక్‌గా చేసి వచ్చి సైనిక్‌పురిలో ఇల్లు కట్టుకున్నారు. చర్చిలో పెద్ద. నేనేమో హేతువాద సభల్లో గొంతు పోయేలా వాదించి మర్నాడు డ్యూటీకి వచ్చేవాణ్ణి. దసరాకు ఇంజన్లకు పసుపు కుంకుమ పెట్టే ఆచారాన్ని వచ్చిన ఏడాదే మాన్పించాను. ఆ పొడి ఎగ్జాస్ట్ రంధ్రంలోంచి సిలిండర్‌లోకి పోతే పిస్టన్ గీసుకుపోతుంది. ఉపన్యాసానికి కదలనివాళ్ళు గీతలు చూపిస్తే కదిలారు.

కొత్త ఇంజన్‌ను విమానానికి బిగించే ముందు బెంచీమీద నెమ్మదిగా గంటలకొద్దీ నడిపి అరగదీయాలి. దీన్ని రన్నింగ్-ఇన్ అంటారు. మా వాదాలన్నీ ఆ చప్పుడులోనే. సృష్టికర్త ఉన్నాడని ఆయన అరిచేవారు, సాక్ష్యం ఏదని నేను అరిచేవాణ్ణి. ట్యాంకు ఖాళీ అయి ఇంజన్ ఆగగానే ఇద్దరి అరుపులూ నిశ్శబ్దంలో బయటపడేవి. స్టోరుమన్ యాదగిరి బోయిగూడ మనిషి. తలుపు దగ్గర నిలబడి, "సార్లూ, మీ ఇద్దరి లొల్లికి పైనున్నోడు సుత పరేషాన్ అయితున్నడు. జెర చాయ్ తాగుండ్రి" అనేవాడు.

నేను చేరిన కొన్నేళ్ళకు, ఒక జనవరిలో దేవసహాయం గారికి రిటైర్మెంట్ వచ్చింది. ఆ నెలలోనే వార్షిక ప్రదర్శన. దాంట్లో ఆఖరిసారి ఆ డీజిల్‌నే ఎగరేస్తానని ఆయన కోరారు. ప్రదర్శనకు ముందురోజే కండెమ్నేషన్ బోర్డు పడింది. పనికిరాని సామాను ఏదో తేల్చేందుకు ఒక అధ్యక్షుడు, ఇద్దరు సభ్యులు కూర్చునే కమిటీ అది. పనికిరాదని తేలినదాన్ని బోర్డు కళ్ళముందే సుత్తితో పగలగొట్టాలి; లేకపోతే వెనక గుమ్మంలోంచి బజారుకు చేరుతుందని సర్కారు భయం. అంటే డీజిల్ పాసైతే మర్నాడు ఆకాశంలో, తప్పితే అప్పటికప్పుడే ముక్కలు. అధ్యక్షుడు స్క్వాడ్రన్ లీడర్. సభ్యుల్లో నేనొకణ్ణి.

చలి ఉదయం. దేవసహాయం గారు ఇంజన్‌ను బెంచీమీది ఇనుప పట్టకారు వైసులో బిగించి, ఎగ్జాస్ట్‌లో రెండు చుక్కలు ఇంధనం వేసి, మర బిగించి, వేలితో ప్రొపెల్లర్‌ను కొట్టారు. మూడో దెబ్బకో నాలుగో దెబ్బకో అందుకుంది. గ్లో ఇంజన్ కీచుమంటుంది. డీజిల్ గొంతు బొంగురు. ఈథర్ వాసన, కాలిన ఆముదం వాసన షెడ్డంతా నిండింది. ట్యాంకు అయిపోయేదాకా నడిచింది. ఆయన ముఖం వెలిగిపోయింది. నిజం చెప్పాలంటే నాదీ అంతే.

స్క్వాడ్రన్ లీడర్ కలం తీశారు. నియమం ప్రకారం ఒకసారి స్టార్ట్ అయి, ఒక ట్యాంకు నడిస్తే చాలు. కాని అరిగిన ఇంజన్ సంగతి వేరు. చల్లగా ఉన్నప్పుడు చిక్కటి ఆముదం పిస్టన్‌కూ సిలిండర్‌కూ మధ్య సందును పూడుస్తుంది. వేడెక్కితే నూనె పలచబడుతుంది, సందు తెరుచుకుంటుంది, నొక్కుడు పోతుంది. మా విమానాలు రెండు తీగలతో చేతికి కట్టి గుండ్రంగా తిప్పేవి. విమానం తలపైకి ఎక్కినప్పుడు ఇంజన్ ఆగిపోతే తీగలు వదులవుతాయి, అది చెప్పినమాట వినదు. ప్రదర్శన మధ్యాహ్నం ఎండలో; చలి ఉదయం బెంచీమీద ఒక ట్యాంకు లాగిన ఇంజన్ అక్కడ మధ్యలోనే చతికిలబడొచ్చు. రింగు చుట్టూ బడిపిల్లలు కూర్చుంటారు.

"ఇప్పుడే, వేడిమీదే, ఇంకోసారి స్టార్ట్ చేయండి" అన్నాను.

ఆయన నావైపు చూశారు. "మాస్టారూ, దేవుడి మీద మీకు నమ్మకం లేదు, సరే. కనీసం ఇంజన్ మీదైనా ఉండొద్దా?"

"ఇంజన్ మీద ఉంది కాబట్టే దాన్నే అడగమంటున్నాను."

"ఒకసారి చెప్పింది కదండీ!"

"చలిలో చెప్పింది."

స్క్వాడ్రన్ లీడర్‌కు టీ వేళ దాటుతోంది. నడిచింది కదా, ఇంక చాలన్నారు. వేడి పరీక్ష లేకుండా నేను సంతకం చేయనన్నాను. దేవసహాయం గారు ట్యాంకు నింపి ప్రొపెల్లర్ కొట్టారు. కొడుతూనే ఉన్నారు. మొదటి దెబ్బకే ఆయన వేలికి తెలిసిపోయి ఉంటుందని నా నమ్మకం. మంచి ఇంజన్ వేలిని వెనక్కు తంతుంది. ఇది గాలికి తిరిగే కాగితపు పంఖాలా మెత్తగా తిరిగింది. మర బిగించారు, వదులు చేశారు, మళ్ళీ బిగించారు. చొక్కా వీపున తడిసింది.

యాదగిరి ఉండబట్టలేక, "ఒక్కపారి సల్లారనియ్యుండ్రి సార్, మళ్ళ షురూ అయితది" అన్నాడు.

"చల్లారితే అవుతుంది యాదగిరీ. పైకెళ్ళాక చల్లార్చేదెవరు?" ఈ మాట అన్నది నేను కాదు, దేవసహాయం గారే. ప్రొపెల్లర్ మీంచి చెయ్యి తీసి, "పట్టు లేదండీ. రాయండి" అన్నారు.

పనికిరాదని రాశాం. సుత్తి యాదగిరి తెచ్చాడు కాని, ఎత్తలేక నిలబడ్డాడు. దేవసహాయం గారు ముందు కంప్రెషన్ మర విప్పి పక్కన పెట్టారు. ఎందుకని స్క్వాడ్రన్ లీడర్ అడిగితే, అడ్డం వస్తుందన్నారు. ఒక్క దెబ్బకు సిలిండర్ పగిలింది. తర్వాత మరను కూడా ఆ ముక్కల్లోనే వేసి లెక్క అప్పజెప్పారు.

మర్నాడు ఆయన గ్లో ఇంజన్ విమానం ఎగరేశారు. ఆయన చేతిలో ఏదైనా బాగానే ఎగురుతుంది. దిగాక వచ్చి నా పక్కన కూర్చుని, "దీని గొంతు పీలగా లేదూ?" అన్నారు. పీలగానే ఉందన్నాను. మా పరిచయంలో ఇద్దరం వాదం లేకుండా ఒప్పుకున్నది ఆ ఒక్క సంగతి.

డీజిల్ పోయాక స్టోరుకు ఈథర్ తెప్పించడం మానేశారు. ఇంకొన్నాళ్ళకు నేనూ రిటైరయ్యాను. ఇప్పుడు పిల్లలు ఎగరేసేవాటికి బ్యాటరీ మోటార్లు. వాసన లేదు, మసి లేదు, వేలిని తన్నేది లేదు. అవి మంచివే, అడిగినవాళ్ళకు అవే కొనమని చెబుతాను. ఆ షెడ్డులో ఈథర్ వాసన మధ్య నిలబడి ఆయనతో ఒక ట్యాంకు అయిపోయేదాకా వాదించాలని మాత్రం ఇప్పటికీ ఉంటుంది.

ఆ బోర్డు నాకు నేర్పింది ఇది. ఒకదాన్ని మనం ఎంతగా కోరుకుంటామన్నది అది పనిచేస్తుందనడానికి రుజువు కాదు. దీన్ని నేను అంతకుముందే వంద సభల్లో చెప్పాను. రుజువు లేదని తేలినా కోరిక ఎక్కడికీ పోదు. దీన్ని మాత్రం మా సభల్లో ఎవరూ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. హేతువాది రెండూ చెప్పాలి.