చప్పుడు విని కొన్న పడవ మోటరు

"...బురదల తిప్పినవు గనుకనే కాగుతున్నది. నీళ్లు గుంజేది బురద గుంజితే ఏమైతది మరి?"

"సేటూ, నా పడవ గోదాట్ల నడుస్తది. నాటేసే మడిల కాదు."

వనమాల వెనక గదిలో చేతులకంటిన గ్రీజు తుడుచుకుంటూ ఈ మాటలు విన్నది. దంతాలపల్లి బస్టాండు పక్కన ఉన్న వాళ్ల దుకాణంలో పొలం మోటార్లు, ఆయిల్ ఇంజన్లు అమ్ముతారు, బాగుచేస్తారు. గల్లా వెనక కూర్చునేది ఆమె భర్త రమాకాంత్; బురద మాట అతనిదే. మోటరు విప్పేది మాత్రం వనమాలే. జనగామలో బట్టల కొట్టు వాళ్ల బిడ్డ, పందొమ్మిదేళ్లకు కోడలిగా వచ్చింది. వచ్చిన ఏడాదే, పాడైందని మూలన పడేసిన పంపును లోపల ఏముందో చూద్దామని విప్పి కూర్చుంది. సాయంత్రానికి అది నీళ్లు పోసింది. అప్పటినుంచి మామ జగపతి ఆమె చేతికి పానా ఇచ్చాడే తప్ప గరిటె గురించి అడగలేదు.

ఆమె బయటికొచ్చేసరికి దుర్గయ్య ట్రాలీ ఆటోలోంచి మోటరు దించుతున్నాడు. భూపాలపల్లి అవతల గోదావరి ఒడ్డున అతనిదో పడవ. మిర్చి ఏరే కూలీలను అవతలి ఒడ్డుకు దాటిస్తాడు. నెల కింద ఈ దుకాణంలోనే ఆ పాత మోటరు కొన్నాడు. కాకినాడ దిక్కు నుంచి ఒకే రకానివి రెండు వచ్చాయి, అందులో ఒకటి.

"ఏమైంది దుర్గయ్యా?"

"నడుమ ఏట్ల ఈల కొట్టి ఆగుతున్నదక్కా. ముట్టుకుంటే చెయ్యి కాలుతున్నది. నిన్న ఇరవై మంది ఆడోళ్లు పడవల ఉన్నరు. తెడ్డేసుకుంట ఒడ్డుకు తెచ్చిన. ఒకామె దిగుతనే చెప్పింది, రేపటినుంచి వేరే పడవ చూసుకుంటమని."

"బురద" అన్నాడు రమాకాంత్ గల్లా వెనకనుంచి. "మన తప్పేం లేదు. గీ ముచ్చట ముందు తేలాలె."

"తేలుద్దాం" అన్నది వనమాల.

వెనక వాకిట్లో పక్కింటి బర్రె నీళ్లు తాగే సిమెంటు గోలెం ఉంది. మోటరుకు పడవను తోసే పంకా విప్పి, నీళ్లలో మునిగే దాని కింది కాలును గోలెంలో ముంచి తాడు గుంజింది. ఇంజను అందుకుంది. ఇలాంటి మోటరు తన కాలితో నీళ్లు తాగి, ఒళ్లంతా తిప్పి, వెనక సన్నటి రంధ్రంలోంచి ధారగా కక్కుతుంది. ఆ ధార ఉన్నంతసేపు వేడెక్కదు. ఇప్పుడు ఆ ధార మూరెడు కూడా పోలేదు. రెండు చుక్కలు, మళ్లీ రెండు చుక్కలు. ఆమె ఇంజను ఆపేసింది.

సైకిల్ చువ్వ తెచ్చి రంధ్రంలో పొడిచింది. ఎర్రమట్టి రాలింది.

"కందిరీగ" అన్నాడు దుర్గయ్య. "పడవ మీద గూడు కట్టింది."

"చూసినవా, మట్టి" అన్నాడు రమాకాంత్.

"గూట్ల మట్టి కందిరీగ తెచ్చింది, బురదల నడిపితే వచ్చింది కాదు" అని వనమాల మళ్లీ తాడు గుంజింది. ధార కొంచెం మెరుగైంది, అంతే. ఒకటే జబ్బు కాదన్నమాట. ఆమెకు సంబరంలాంటిదేదో కలిగింది. ఒక్క పొడుపుతో తేలిపోయే రోగాలంటే ఆమెకు పెద్దగా ఇష్టం ఉండదు.

నీళ్లు లోపలికి పోయే జల్లెడ చూసింది. ఒక్క నాచు పోగు తప్ప శుభ్రంగా ఉంది. కాలు విప్పింది. లోపల ఇనుప గిన్నెలో తిరుగుతూ నీళ్లను పైకి తోసే రబ్బరు చక్రానికి ఆరు రెక్కలుండాలి. మూడే ఉన్నాయి. ఆ మూడూ కొసన నిగనిగలాడుతూ, పెంకు కట్టినట్టు గట్టిపడ్డాయి. ఆమె గిన్నె గోడను గోటితో గీకింది. బురదలోని ఇసుక లోపలికి పోయి ఉంటే గీతలుంటాయి. ఇక్కడ గీతల్లేవు. కరిగిన రబ్బరు నల్లగా అంటుకుని ఉంది.

"నీళ్లు లేకుండ ఎప్పుడన్న నడిపినవా దుర్గయ్యా?"

"నీళ్లు లేకుండ పడవెట్ల నడుస్తదక్కా?"

పోయిన మూడు రెక్కలూ ఎక్కడున్నాయో తేలాలి. గొట్టంలో చువ్వ తిప్పితే రెండు ముక్కలు వచ్చాయి. మూడోది పైన, ఇంజను తల దగ్గర, నీళ్లను ఆపి వదిలే చిన్న మూత కింద ఇరుక్కుని దొరికింది. అట్టముక్క మీద చక్రం పెట్టి, మూడింటినీ వాటి చోట్ల ఆనించింది. అతికినట్టు కుదిరాయి. మోటరు అమ్మిన రోజు గుర్తొచ్చింది.

నెల కింద, ఇదే దుకాణం గచ్చు మీద మోటరును చెక్కకు బిగించారు. దుర్గయ్య బల్ల మీద కూర్చున్నాడు. పొలం ఇంజను కొనే ఎవరికైనా వాళ్లు చేసేదే అది. చాయ్ తెప్పించి, ఇంజను నడిపి, చప్పుడు వినిపిస్తారు. గాలికి చల్లారే ఇంజన్లు కాబట్టి వాటికేమీ కాదు. ఈ మోటరు రబ్బరు చక్రానికి మాత్రం నీళ్ల తడి ఉండాలి. దుర్గయ్య రెండు చాయ్‌లు తాగేదాకా విన్నాడు. ఆ రోజు తాడు గుంజింది తనే.

లేచి గోదాంలోకి పోయింది. రెండో మోటరు అక్కడే ఉంది. దాన్ని ఇంకా ఎవరికీ వినిపించలేదు. దాని చక్రం విప్పి రెక్కలు వేలితో వంచి చూస్తే మెత్తగా వంగి లేచాయి. తెచ్చి దుర్గయ్య మోటరులో బిగించింది. గోలెంలో ముంచి తాడు గుంజగానే ధార ఎగిరి గోడకు కొట్టింది. దుర్గయ్య దానికింద చెయ్యి పెట్టాడు.

"గోరువెచ్చగుంది."

"గట్లనే ఉండాలె. ధార సన్నబడ్డదంటే అక్కడనే ఆపు, ఈల దాక చూడకు" అని ఆమె ఇంజను ఆపి, అట్టముక్క అతని ముందు పెట్టింది. "నువ్వు బురదల నడపలేదు. ఆనాడు నీళ్లు లేకుండ నీకు చప్పుడు వినిపిచ్చింది నేను. రెక్కలు ఆడనే కాలినయి. ఉన్నన్ని దినాలు నడిచి, ఇప్పుడు ఇరిగినయి."

"జర మెల్లగ" అన్నాడు రమాకాంత్. బయట ఇద్దరు రైతులు బల్ల మీద కూర్చుని ఉన్నారు. వాళ్లు వచ్చింది ఇంజను కొనడానికే.

దుర్గయ్య రబ్బరు ముక్కలను వేలితో కదిపాడు. "నేనూ ఇంకోసారి నడుపమంటినక్కా. చప్పుడు మంచిగుండె. చాయ్ గూడ."

వనమాల చీరకొంగుతో మొహం తుడుచుకుని దుకాణం ముందుకు నడిచింది. గుమ్మం మీద మామ జగపతి తన చేత్తో రాసిన నీలం రేకు బోర్డు ఉంది. 'చప్పుడు వినండి, ఆ తర్వాతే కొనండి.' బల్ల మీది రైతుల్లో ఒకడు చాయ్ గ్లాసు కింద పెట్టి, ఇంజను నడపమన్నట్టు చూశాడు.

"జర ఆగు తమ్మీ" అని వనమాల భర్త వైపు తిరిగింది. "నిచ్చెన తెప్పియ్యండి. అన్ని మోటర్లు నీళ్లు లేకుండ చప్పుడు వినిపిచ్చేటియి కావు. గా బోర్డు ఇప్పుడే దించుదాం."